నలుపు కుదిరితేనే టీవీలో బొమ్మ కుదిరేది

సెట్టు పాడయిందని కబురు అందుకుని సైకిలు మీద వచ్చిన మెకానిక్కు, సంచిలోని స్క్రూ డ్రైవరు బయటికి తీయకుండానే బాగు చేసి వెళ్ళిన ఇళ్ళు 1980 దశకంలో కృష్ణా జిల్లా గ్రామాలలో ఎన్నో వున్నాయి. అతను చేసిందల్లా సెట్టు ముందు వైపున్న రెండు నాబులను కాస్త వెనక్కి తిప్పడమే. ఇంటివారు అప్పటికే ఆ రెండింటినీ చివరిదాకా తిప్పి వుంచేవారు. వేలు పోసి కొన్న వస్తువు కదా, వెలుగు ఎంత ఎక్కువ వస్తే సొమ్ము అంత గిట్టినట్టు అని లెక్క. లాంతరు వత్తి ఎగదోసినట్టే బ్రైట్‌నెస్ ఎగదోసేవారు. దాంతో మనుషుల జుట్టు బూడిద రంగుకు తిరిగేది. తెల్ల పంచెలు మడతలు కనబడకుండా సున్నం కొట్టిన గోడల్లా మెరిసేవి.

మెకానిక్కు కూలీతో పోయేది చిన్న నష్టమే. పెద్ద నష్టం నెమ్మదిగా జరిగేది. సెట్టులో అన్నిటికన్నా ఖరీదైన భాగం పిక్చర్ ట్యూబు. దానిని ఎప్పుడూ నిండు వెలుగులో నడిపితే త్వరగా నీరసిస్తుంది, బొమ్మ మసకబారుతుంది. మసకబారిందని వెలుగు ఇంకాస్త పెంచుతారు. చివరికి నాబులో తిప్పడానికి చోటు మిగలదు. అప్పుడిక కొత్త ట్యూబు వేయించడమో, సెట్టును మూలన పెట్టడమో జరిగేది. ధాన్యం అమ్మిన డబ్బుతోనో, చీటీ పాడిన డబ్బుతోనో సెట్టు కొన్న కుటుంబానికి అది చిన్న దెబ్బ కాదు.

ట్యూబు టీవీల కాలం దాదాపు ముగిసింది. అయినా పాత సెట్టుకు సెట్‌టాప్ బాక్సు తగిలించి చూస్తున్న ఇళ్ళు పల్లెల్లో ఇంకా కనబడుతున్నాయి. ఆ సెట్ల ముందు కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్ళు. అందువల్ల ఈ నాబుల సంగతి పూర్తిగా పాతబడిపోయిందని అనడానికి వీలులేదు.

కొండపల్లి వైపు చూసిన యాంటెన్నాలు

తెలుగునాట హైదరాబాదు వారి కంటే ముందు కొన్ని పల్లెలవారే టెలివిజన్ చూశారన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ప్రసారాలు అందించారు. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో పెట్టిన ఆ సెట్లు ఊరందరివి కనుక నాబులు అందరి చేతికీ చిక్కేవి కావు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలయింది. 1982 ఆగస్టు 15 నుంచి రంగుల ప్రసారాలు వచ్చాయి. కోస్తాలో ఇంటింటికీ సెట్టు రావడం మాత్రం కొండపల్లి ట్రాన్స్‌మిటరు వచ్చిన తరువాతి మాట. కొండపల్లి 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో వుంది. అప్పుడు అంతా ఒకటే కృష్ణా జిల్లా.

ఆ రోజుల్లో కొత్త ఊరు వెళ్ళినవాడికి దిక్కులు తెలుసుకోవడానికి డాబాల మీది యాంటెన్నాలు చాలు. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ వైపు అవన్నీ వాయవ్యానికి తిరిగి వుండేవి. నూజివీడులో నైరుతికి, తిరువూరులో దక్షిణానికి తిరిగి వుండేవి. మద్రాసు నుంచి వచ్చిన సాలిడేర్, డయనోరా సెట్లు, హైదరాబాదులో ఈసీఐఎల్ వారు తయారుచేసిన ఈసీ టీవీలు విజయవాడ దుకాణాల నుంచి గ్రామాలకు చేరేవి. కొయ్య పెట్టె, దానికి రెండు పక్కలకూ జరిగే తలుపులు, తలుపులకు తాళం. తాళం చెవి ఇంటి పెద్ద బొడ్లో వుండేది. దుకాణం మనిషి వచ్చి యాంటెన్నా బిగించి, బొమ్మ సరిచేసి, కాఫీ తాగి వెళ్ళేవాడు. అతను వెళ్ళిన మర్నాటికి నాబులు వేరే చోట వుండేవి.

పేర్లు తిరగేసి పెట్టారా?

ట్యూబు వెనక భాగంలో వుండే గన్ను నుంచి ఎలక్ట్రాన్ల ధార వెలువడి ముందు అద్దం లోపలి పూతకు తగులుతుంది. తగిలిన చోట పూత వెలుగుతుంది. ఆ ధార పై నుంచి కిందికి 625 గీతలుగా, సెకనుకు 25 సార్లు బొమ్మ గీస్తుంది. బ్రైట్‌నెస్ నాబు తిప్పితే ధార మొత్తంగా పెరుగుతుంది, నల్లగా వుండవలసిన చోట కూడా పెరుగుతుంది. కాంట్రాస్ట్ నాబు బొమ్మలోని తెలుపుకూ నలుపుకూ మధ్య తేడాను పెంచుతుంది. అంటే నలుపు ఎంత నల్లగా వుండాలో తేల్చేది బ్రైట్‌నెస్, తెలుపు ఎంత తెల్లగా వుండాలో తేల్చేది కాంట్రాస్ట్. రెండింటి పేర్లూ తిరగేసి పెట్టారా అనిపించినా ఆశ్చర్యం లేదు. తెలుపు పెరగాలని బ్రైట్‌నెస్ తిప్పినవారందరూ ఆ పేరును నమ్మే తిప్పారు.

తెలిసిన మెకానిక్కులు బొమ్మ సరిచేసే పద్ధతికి ఒక వరస వుండేది. ముందుగా ఫైన్ ట్యూనింగ్. ఒక వైపు ఎక్కువ తిప్పితే బొమ్మ మీద సన్నటి అలలు వచ్చి, మాటలకు తగ్గట్టు కదిలేవి. రెండో వైపు ఎక్కువ తిప్పితే బొమ్మ మెత్తబడి రంగు ఎగిరిపోయేది. ఈ రెంటి మధ్యన ఆపాలి. తరువాత సెట్టు పావుగంట వేడెక్కనిచ్చి, రోజూ రాత్రి ఏ దీపం వేసుకుని చూస్తారో ఆ దీపమే వేసి మిగతా నాబుల జోలికి వెళ్ళేవారు.

రంగుల సెట్టు అయితే కలర్ నాబును పూర్తిగా తగ్గించి బొమ్మను నలుపు తెలుపుల్లోకి తెచ్చేవారు. కాంట్రాస్ట్ సగానికి తగ్గించేవారు. అప్పుడు బ్రైట్‌నెస్ తగ్గిస్తూ పోతే తెర మీది మనిషి జుట్టు ఒకే నల్లటి ముద్ద అయిపోతుంది. అక్కడ ఆగి, పాపిడీ వెంట్రుకలూ విడివిడిగా కనబడేంత వరకు వెనక్కి రావాలి. నలుపు కుదిరినట్టే. ఆ పైన కాంట్రాస్ట్ పెంచుతూ వార్తలు చదివేవారి తెల్ల చొక్కా మీదో, పంచె మడతల మీదో కన్ను వేసి వుంచాలి. మడత మాయమైనా, తెర మీది అక్షరాలు ఉబ్బినట్టు కనిపించినా హద్దు దాటినట్టే. ఒక నాబు తిప్పితే రెండోదాని మీద కొంత ప్రభావం పడుతుంది కనుక మరొకసారి బ్రైట్‌నెస్ చూసుకోవలసి వుంటుంది.

ఆఖరున రంగు. చీర చూసి రంగు కుదర్చకూడదు. స్టూడియోలో ఆ చీర ఏ రంగుదో చూసినవారు లేరు. మనిషి చర్మం ఎలా వుంటుందో మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుసు. ముఖం ముఖంలా కనిపించిన చోట కలర్ నాబు ఆపాలి. మన దేశం ఎంచుకున్న పాల్ పద్ధతిలో దారిలో రంగు మారే దోషం చాలావరకు సెట్టులోనే సర్దుకుపోతుంది. అమెరికా సెట్లలో వుండే టింట్ నాబు మన సెట్లకు సాధారణంగా లేకపోవడానికి కారణం ఇదే.

రంగుల సెట్టు కొనలేనివారికి మరొక ఏర్పాటు వుండేది. పైన నీలం, మధ్య ఎరుపు, కింద పచ్చ రంగులున్న ప్లాస్టిక్ రేకు అమ్మకానికి వచ్చేది. నలుపు తెలుపు సెట్టు ముందు దాన్ని తగిలిస్తే ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా కనిపించాలి. ఆరుబయట దృశ్యం అయితే సరిపోయేది. కథానాయకుడి ముఖం దగ్గరగా చూపించినప్పుడు మాత్రం నుదురు నీలంగా, గడ్డం పచ్చగా తేలేది. ఆ రేకు కొంత వెలుగు మింగేది కనుక ఇక్కడ కూడా బ్రైట్‌నెస్సే పెంచేవారు.

ఎవరూ చూడని ఎనిమిది పట్టీలు

ప్రసారాలు మొదలయ్యే ముందు తెర మీద నిలువుగా రంగుల పట్టీలు కనిపించేవి. ఎడమ నుంచి తెలుపు, పసుపు, లేత నీలి పచ్చ, ఆకుపచ్చ, ముదురు గులాబీ, ఎరుపు, నీలం, నలుపు. అవి ఎప్పుడు పోతాయా, కార్యక్రమం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసినవారే తప్ప, వాటిని పెట్టింది సెట్టు సరిచేసుకోవడానికని తెలిసినవారు గ్రామాలలో తక్కువ.

ఆ పట్టీల వరసలో ఒక కిటుకు వుంది. కలర్ నాబు పూర్తిగా తగ్గిస్తే అవి తెలుపు నుంచి నలుపు దాకా ఒక్కొక్క మెట్టు దిగుతూ ఎనిమిది మెట్లు అవుతాయి. ఎనిమిదీ లెక్కపెట్టగలిగితే సెట్టు సరిగా వున్నట్టు. కుడి చివర రెండూ కలిసిపోతే బ్రైట్‌నెస్ మరీ తగ్గింది. ఎడమ చివర రెండూ కలిసిపోతే కాంట్రాస్ట్ మరీ పెరిగింది. నల్ల పట్టీ నల్లగా లేక బూడిద రంగులో వుంటే బ్రైట్‌నెస్ ఎక్కువయింది. చదువుతో పని లేదు, ఎనిమిది లెక్కపెట్టడం వస్తే చాలు. ప్రసారం మొదలయ్యే ముందు అయిదు నిమిషాలు దీనికి కేటాయించిన ఇళ్ళలో మెకానిక్కు అవసరం తక్కువ పడేదనడంలో అతిశయోక్తి లేదు.

అరుగు మీదికి వచ్చిన టీవీ

నాబులను చివరిదాకా తిప్పడానికి ఇంకొక బలమైన కారణం రామాయణం. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా ఆదివారం ఉదయాలలో ఈ ధారావాహిక ప్రసారమయింది. హిందీ తెలియనివారు కూడా కథ తెలుసు కనుక కూర్చునేవారు. వీధి వీధంతా ఒకే ఇంటికి చేరితే లోపల చోటు చాలక సెట్టును అరుగు మీదికి తెచ్చిన ఊళ్ళు అనేకం. కొందరు తెర ముందు కొబ్బరికాయ కొట్టి, హారతి కూడా ఇచ్చేవారు.

ఉదయపు ఎండలో బొమ్మ కనబడదు. ఆపి వుంచిన టీవీ తెర ఏ రంగులో కనిపిస్తుందో, నడుస్తున్నప్పుడు అంతకు మించిన నలుపు దాని మీద రాదు. చీకటి గదిలో ఆ తెర ముదురుగా వుంటుంది, ఎండలో బూడిద రంగులో వుంటుంది. ఎండకు సాయం బ్రైట్‌నెస్ నాబు కాదు, నీడ. గోనె సంచి గాని, తాటాకు తడిక గాని అడ్డం పెడితే సగం పని అయ్యేది. కాని చేతికి ముందు అందేది నాబు. ఆదివారం ఉదయం చివరిదాకా తిప్పిన నాబులు శుక్రవారం రాత్రి చిత్రలహరి సమయానికీ అక్కడే వుండేవి. చీకటి గదిలో ఆ వెలుగుకు కళ్ళు మంటలెత్తి, టీవీ చూస్తే కళ్ళు పోతాయని పెద్దవాళ్ళు గోల చేసేవారు. గదిలో దీపం ఆర్పకుండా సెట్టు వెనక చిన్న బల్బు వుంచి, ఇరవై అంగుళాల సెట్టుకు ఆరేడు అడుగుల దూరంలో కూర్చుంటే కంటికి శ్రమ తగ్గుతుంది.

నాబు చేయలేని పని

బొమ్మలోని ప్రతి దోషానికీ నాబు వుందనుకోవడం మరో పొరపాటు. బొమ్మ కింది నుంచి పైకి తిరిగిపోతుంటే వెర్టికల్ హోల్డ్, ఏటవాలు గీతలుగా చీలిపోతే హారిజాంటల్ హోల్డ్ తిప్పాలి. ఆ నాబులు చాలా సెట్లకు వెనక వైపు వుండేవి. బొమ్మ నిలిచిన మొదటి చోటే వదిలేస్తే మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. ఏ చోటు నుంచి ఏ చోటు దాకా నిలుస్తోందో చూసుకుని నడుమ వుంచాలి.

తెర నిండా చుక్కలు రావడం, ఒక బొమ్మ పక్కన మరొక నీడ బొమ్మ పడటం యాంటెన్నా దోషాలు. కాకులు వాలి, కోతులు వూగి యాంటెన్నా పక్కకు తిరిగితే చుక్కలు వస్తాయి. నీళ్ళ ట్యాంకుకో, పెద్ద భవనానికో తగిలి తిరిగి వచ్చిన తరంగాల వల్ల నీడ బొమ్మ వస్తుంది. ఒకరు డాబా మీద గొట్టం తిప్పుతుండగా, గుమ్మంలో ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడి "వచ్చిందా?" "ఇంకొంచెం" "ఆపు, ఆపు, పోయింది" అని కేకలు వేసుకోవడం ప్రతి ఊళ్ళోనూ వినిపించేది. బందరు, దివిసీమ ప్రాంతాలలో ఉప్పు గాలికి యాంటెన్నా బిగింపులు తుప్పు పట్టేవి. చదునుగా వుండే రిబ్బన్ తీగ వానకు తడిస్తే సిగ్నల్ తగ్గేది. వేసవి సాయంత్రాలలో సముద్ర తీరాన దూరపు స్టేషన్ల తరంగాలు వచ్చి మీద పడి బొమ్మ మీద అడ్డగీతలు కనబడేవి. అవి వాటంతట అవే పోవాలి తప్ప ఏ నాబూ పనిచేయదు.

రంగుల సెట్టులో ఒక చిక్కు వుండేది. సిగ్నల్ బాగా తగ్గినప్పుడు సెట్టు తనంతట తనే రంగు మానేసి నలుపు తెలుపు బొమ్మ చూపిస్తుంది. ఇంటివారు రంగు పోయిందని కలర్ నాబు చివరిదాకా తిప్పేవారు. ఫలితం వుండేది కాదు. తెల్లవారి సిగ్నల్ తిరిగి రాగానే అందరి ముఖాలూ కుంకుమ పూసినట్టు ఎర్రగా కనిపించేవి. టీవీ పాడయిందని మళ్ళీ మెకానిక్కుకు కబురు వెళ్ళేది.

కరెంటు సంగతి వేరు. సాయంత్రం వేళ మోటార్లు నడిచే ఊళ్ళలో వోల్టేజి పడిపోగానే బొమ్మ నాలుగు వైపులా ముడుచుకుని చుట్టూ నల్ల అంచు కనిపించేది. దీనికి మందు స్టెబిలైజర్ ఒక్కటే. సెట్టు పక్కన టక్ టక్ మంటూ వుండే ఆ డబ్బా కూడా సెట్టు ఖర్చులో భాగమేనని కొన్న తరువాత తెలిసేది.

రంగుల ట్యూబుకు అయస్కాంతం పడదు. పిల్లలు అయస్కాంతం తెచ్చి తెర మీద ఆడినా, పెద్ద స్పీకరు పక్కనే పెట్టినా ఒక మూల ఊదాగానో, పచ్చగానో మచ్చ పడుతుంది. రంగుల సెట్టు వేయగానే లోపల ఒక తీగచుట్ట క్షణకాలం పనిచేసి ఇటువంటి మచ్చలను చెరుపుతుంది. అది మళ్ళీ పనిచేయాలంటే చల్లబడాలి. వెంట వెంటనే ఆర్పి వేస్తే ప్రయోజనం లేదు. అరగంట ఆపి వేయాలి, అలా రెండు మూడు సార్లు చేయాలి. అప్పటికీ పోకపోతే మెకానిక్కు దగ్గర వుండే పెద్ద చుట్టతో తీయించవలసిందే.

వెనక మూత తీయడం మాత్రం ఇంటివారి పని కాదు. రంగుల ట్యూబుకు అందే కరెంటు 20 వేల వోల్టుల పైన వుంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా ట్యూబులో కొంత నిలవ వుండి కొట్టగలదు. దీనికన్నా పెద్ద అపాయం డాబా మీద వుండేది. పొడుగాటి ఇనుప గొట్టాన్ని కరెంటు తీగల దగ్గర ఎత్తి నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటం. ఇప్పుడు ఎవరూ వాడని ఆ గొట్టాలు కొన్ని డాబాల మీద అలాగే వున్నాయి. వాటిని దించేటప్పుడు కూడా ఈ జాగ్రత్త తప్పనిసరి.

బాక్సు తగిలించిన పాత సెట్లు

రిమోట్ సెట్లు వచ్చాక నాబులు పోయి తెర మీదే మెనూ వచ్చింది, వరస మాత్రం అదే. కొత్తగా చేరిన చిక్కు ఒకటుంది. దుకాణంలో ట్యూబు లైట్ల వెలుతురులో పక్క సెట్ల కంటే మెరవడానికి పెట్టిన అమరికతోనే సెట్టు ఇంటికి వచ్చేది. ఆ అమరికకు డైనమిక్ అనో మరొకటో పేరుండేది. దాన్ని ఇంటి వెలుతురుకు తగ్గించుకున్నవారు తక్కువ.

దూరదర్శన్ పాత తరహా యాంటెన్నా ప్రసారాలను 2022 నాటికి చాలావరకు ఆపివేసింది. పాత సెట్లకు ఇక దిక్కు కేబుల్ గాని, డిష్ గాని. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలై తరువాత ఫ్రీ డిష్‌గా మారిన సర్వీసుకు నెల నెలా చందా లేదు కనుక పాత సెట్లకు ఎక్కువగా అదే జత అవుతోంది. బాక్సు నుంచి వచ్చే మూడు తీగలలో పసుపు తీగది బొమ్మ, ఎరుపు తెలుపులది శబ్దం. బాక్సులో రంగు పద్ధతి పాల్ అని కాక ఎన్‌టిఎస్‌సి అని వుంటే బొమ్మ రంగు లేకుండానో, తిరుగుతూనో కనబడవచ్చు. మనుషులు పొడుగ్గా, సన్నగా కనిపిస్తే బాక్సులో తెర ఆకారం 16:9 అని వున్నట్టు. దాన్ని 4:3 లెటర్ బాక్స్ అని మార్చుకుంటే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి గాని మనుషులు మనుషుల్లా వుంటారు. పాన్ స్కాన్ అని పెడితే తెర నిండుతుంది, పక్కల రెండూ తెగి కింద కదిలే వార్తల అక్షరాలు కొన్ని పోతాయి.

కొన్ని బాక్సులలో కూడా బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అమరికలు వుంటాయి. అక్కడా ఇక్కడా రెండు చోట్లా పెంచితే జుట్టు మళ్ళీ బూడిద రంగుకు తిరుగుతుంది. బాక్సులోనివి నడుమన వదిలేసి, సెట్టులోని వాటినే పై వరస ప్రకారం సరిచేసుకోవాలి. ఇన్నేళ్ళూ నిండు వెలుగులో నడిచి నీరసించిన ట్యూబును ఏ అమరికా బాగుచేయలేదు. అటువంటి సెట్టును వెలుతురు తక్కువ పడే గోడ వైపు జరిపి, కిటికీ తలుపు ఒకటి వేసుకుంటే బొమ్మ ఇంకొన్నాళ్ళు కనబడుతుంది.